ఫిలడెల్ఫియాలో ఒక ఫ్రెంచ్ శనివారం

తాతయ్య అమెరికా వచ్చిన మూడో వారం నేనో ఎక్సెల్ షీట్ తయారుచేశా. పేరు ‘ఫ్రెంచ్ డే’. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా తొమ్మిది చోట్లు. ఒక్కోదానికి టైము, టికెట్టు, నడక ఎంతో రాశా. చివర్న ‘ఫొటో స్పాట్’ అని ఇంకో కాలమ్ కూడా.

ఫోన్‌లో చూపిస్తే తాతయ్య కళ్లజోడు పైకి తోసుకుని మొత్తం చదివారు. చదివి ఒక్కటే అడిగారు.

“ఇందులో ఫ్రెంచి మాట్లాడే మనిషి ఎన్నింటికొస్తాడే?”

ఆ కాలమ్ నా షీట్‌లో లేదు.

తాతయ్యది యానాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచ్ వాళ్ల ఏలుబడి. అప్పటికి తాతయ్యకి పదమూడేళ్లు, బళ్లో పాఠాలన్నీ ఫ్రెంచిలోనే. తర్వాత 1962లో యానాం లెక్కప్రకారం కూడా మన దేశంలో కలిసింది. కావాలంటే ఆరు నెలల్లోపు ఫ్రెంచ్ పౌరసత్వం ఎంచుకోవచ్చన్నారు. తాతయ్య పక్క బెంచీ స్నేహితుడు ఎంచుకున్నాడు, ఓడెక్కి వెళ్లిపోయాడు. తాతయ్య ఉండిపోయి, రాజమండ్రిలో ఉద్యోగం చేసుకున్నారు. ఆ భాషలో నాలుగు మాటలు మాట్లాడుకునే తోడు ఆయనకి మళ్లీ దొరకలేదు.

పారిస్ తీసుకెళ్లడానికి నా దగ్గర సెలవూ లేదు, డబ్బూ లేదు. ఎనభై దాటిన ఆయన మోకాళ్లకి అంత ఓపికా లేదు. అందుకే నేనుండే ఊళ్లోనే ఫ్రాన్స్‌ని వెతకడం మొదలుపెట్టా.

ఫిలడెల్ఫియాలో ఫ్రాన్స్ ఏంటి?

నాకూ అదే డౌటొచ్చింది. వెతికితే బోలెడుంది. సిటీ హాల్ నుంచి ఆర్ట్ మ్యూజియం దాకా వెళ్లే వెడల్పాటి బెంజమిన్ ఫ్రాంక్లిన్ పార్క్‌వేకి తుది రూపం గీసింది జాక్ గ్రెబేర్ అనే ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్. 1917 నాటి ప్లాన్ అది. పారిస్‌లోని షాంజెలిజే వీధి దానికి నమూనా. దారిలో కనిపించే పబ్లిక్ లైబ్రరీ, దాని పక్కనున్న ఒకప్పటి కోర్టు భవనం, పారిస్‌లో ప్లాస్ ద లా కాంకోర్డ్ దగ్గరున్న జంట భవనాల్ని చూసి కట్టినవి. సిటీ హాల్ కూడా మూడో నెపోలియన్ కాలం నాటి పారిస్ పద్ధతిలోనే ఉంటుంది. ఊరి మధ్యలోని రిటన్‌హౌస్ స్క్వేర్ పార్కుని 1913లో ఇప్పటి రూపానికి తెచ్చింది పాల్ క్రే. ఆయనా ఫ్రాన్స్‌లో పుట్టినవాడే.

అంటే ఫ్రెంచ్ వాళ్లు గీసిన దారిలో నేను మూడేళ్లుగా ఆఫీసుకెళ్తున్నా, తల ఎత్తి చూడకుండా!

పొద్దున్న: పాకంలో వెయ్యని కాజా

శనివారం ఉదయం రిటన్‌హౌస్ స్క్వేర్ దగ్గర ఒక బేకరీలో మొదలుపెట్టాం. తాతయ్య కౌంటర్ ముందు నిటారుగా నిలబడి “బోంజూర్ మాద్‌మొజెల్” అన్నారు. ఆ అమ్మాయి నవ్వి “హాయ్! వాట్ కెన్ ఐ గెట్ యూ?” అంది. తాతయ్య నావైపు చూశారు. నేను క్రోసాంట్లు ఆర్డరిచ్చేశా.

పార్కు బెంచీ మీద కూర్చుని ఒకటి తుంచి, పొరలన్నీ విప్పి చూసి తీర్పు చెప్పారు. “మడత కాజా చేశారు గానీ, పాకంలో వెయ్యడం మర్చిపోయారు.”

అమ్మకి మాత్రం ఇబ్బందయింది. శనివారం నీచు ముట్టదు, గుడ్డు కూడా. క్రోసాంట్ల పైన ఆ మెరుపు కోసం చాలా చోట్ల గుడ్డు సొన పూస్తారు. మీ ఇంట్లోనూ ఇలాంటి నియమాలుంటే బాగెట్ తీసుకోండి. అసలైన బాగెట్‌లో ఉండేది పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు, అంతే. అమ్మ దానికి వెన్న, జామ్ రాసుకుని సగం లాగించింది.

మధ్యాహ్నం: సూపులో ఏముంది?

లంచ్‌కి పార్కు ఎదురుగా, ఫుట్‌పాత్ మీద కుర్చీలు వేసే ఫ్రెంచ్ రెస్టారెంట్‌కి వెళ్లాం. రెండు వారాల ముందే ఫోన్‌లో టేబుల్ బుక్ చేశా. మీరూ అదే చెయ్యండి, వీకెండ్‌లో బయటి కుర్చీలు దొరకడం కష్టం.

మెనూలో ‘ఫ్రెంచ్ ఆనియన్ సూప్’ చూసి అమ్మ ముచ్చటపడింది. ఉల్లిపాయలే కదా అని! నేను ఆపా. ఆ సూపుకి పునాది మామూలుగా గొడ్డు మాంసం ఉడికించిన నీళ్లు. కీష్ లొరేన్‌లో పంది మాంసం ఉంటుంది. నిస్వాజ్ సలాడ్‌లో చేప ఉంటుంది. పేరు చూసి శాకాహారం అనుకోకండి, మొహమాటపడకుండా అడగండి. చివరికి అమ్మకి రాటటూయ్ దొరికింది. వంకాయ, టమాటా, జుకినీ, క్యాప్సికమ్ కలిపి మగ్గించిన కూర. “కారం వెయ్యడం మర్చిపోయారు” అని అమ్మ కూడా ఒక తీర్పిచ్చింది.

తాతయ్య బాదంపప్పు, వెన్న వేసిన ట్రౌట్ చేప తిన్నారు. “బావుంది గానీ, ముల్లు తీసేసి ఇస్తే ఇక మనం చేసే పనేముంది?” పులస తిన్న నోరు మరి.

వెయిటర్‌కీ బోంజూర్ చెప్పారు. అతనూ చక్కగా “బోంజూర్!” అన్నాడు. తాతయ్య మొహం వెలిగింది. ఇంకో వాక్యం కలిపారు. వెయిటర్ సారీ చెప్పి, తనకి మెనూలో ఉన్న ఫ్రెంచే వచ్చన్నాడు. తాతయ్య నీళ్లు తాగి, వాళ్ల మేష్టారి గురించి చెప్పడం మొదలుపెట్టారు. బోంజూర్ చెప్పకుండా ఏది అడిగినా ఆయన వినబడనట్టే ఉండేవారట. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ కొట్లోకి అడుగుపెట్టగానే ముందు బోంజూర్ చెప్పాలి, తర్వాతే బేరం. మేం రెండు గంటలు కూర్చున్నాం. నా షీట్‌లో లంచ్‌కి రాసింది యాభై నిమిషాలు.

నరకద్వారం, పేకాట

అక్కణ్నుంచి రోదాన్ మ్యూజియం. 1929లో తెరిచారు. రోదాన్ శిల్పాలు పారిస్ తర్వాత ఎక్కువగా ఉన్న చోట్లలో ఇదొకటి. అవన్నీ కొన్నది జూల్స్ మాస్ట్‌బామ్ అనే సినిమా హాళ్ల యజమాని. మ్యూజియం తెరిచేలోపే ఆయన చనిపోయాడు. ఇక్కడ టికెట్టుకి మీరు ఇవ్వగలిగినంత ఇవ్వొచ్చు. గంటలో చూసెయ్యొచ్చు కూడా.

గుమ్మం దగ్గర ‘నరకద్వారం’ ఉంటుంది. రోదాన్ 1880లో మొదలుపెట్టి, 1917లో పోయేదాకా దానికి మార్పులు చేస్తూనే ఉన్నాడు. దాని మొదటి కంచు పోతల్లో ఒకటి ఇక్కడుంది. తాతయ్య దాన్ని చాలాసేపు చూసి “తెరుచుకోదా?” అన్నారు. తెరుచుకోదు.

దగ్గర్లోనే బార్న్స్ ఫౌండేషన్. ఆల్బర్ట్ బార్న్స్ అనే మందుల వ్యాపారి సేకరణ ఇది. రెన్వార్ బొమ్మలు 181, సెజాన్‌వి 69, మాతీస్‌వి 59. టికెట్టు కాస్త ఎక్కువే, నెలలో మొదటి ఆదివారం ఫ్రీ. పెద్దవాళ్లుంటే వీల్‌చెయిర్ అడగండి, ఇస్తారు. గోడల మీద బొమ్మల పక్కన వివరాల చీటీలుండవు. బొమ్మల మధ్యలో పాత ఇనుప గొళ్లేలు, తాళాలు, బందులు తగిలించి ఉంటాయి. అమ్మ బొమ్మలకంటే వాటినే ఎక్కువ చూసింది. సెజాన్ వేసిన ‘కార్డ్ ప్లేయర్స్’ ముందు తాతయ్య ఆగి, “మన రావిచెట్టు కింద బ్యాచ్” అన్నారు.

బయటికొచ్చేసరికి 5 అయింది. ఇంకా నాలుగు చోట్లున్నాయి. తాతయ్య మెట్టు దిగుతూ మోకాలు పట్టుకున్నారు. షీట్ మూసేసి కారు బుక్ చేశా. ఫెయిలైపోయానని ఏడుపొచ్చింది. పొద్దున్నుంచీ ఆయన అడిగిన ఒక్కటీ తప్ప అన్నీ చూపించా.

ప్లాన్‌లో లేని కారు

డ్రైవర్‌కి యాభై దాటి ఉంటాయి. కారులో చిన్నగా ఏదో పాట వస్తోంది. రెండు నిమిషాలయ్యాక తాతయ్య ముందుకి వంగి మెల్లగా అడిగారు.

“వూ పార్లే ఫ్రాన్సే, మొస్యూ?”

డ్రైవర్ అద్దంలో చూశాడు. పాట ఆపేశాడు. తర్వాత వాన పడ్డట్టు మాట్లాడాడు.

ఆయనది ఐవరీ కోస్ట్. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. వాళ్లలో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లుంటారన్న ఆలోచనే రాలేదు. ఫ్రాన్స్ కోసం బేకరీలు, మ్యూజియాలు వెతికా గానీ, ఫ్రెంచ్ వాళ్లు ఏలిన దేశాలవైపు చూడలేదు. మేమే అలాంటి ఊరి వాళ్లమయ్యుండి!

తాతయ్య తడుముకున్నారు. మాట గుర్తురాక ఆగితే ఆయన అందించాడు. నాకు ‘ఎకోల్’ అనే మాటొక్కటే పదేపదే వినబడింది. ఆర్ట్ మ్యూజియం దాటాక, బంగారు రంగులో గుర్రం మీదున్న జోన్ ఆఫ్ ఆర్క్ విగ్రహం కనిపించింది. నా లిస్టులో ఏడో నంబరు. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.

దిగాక అడిగా, ఏం మాట్లాడుకున్నారని.

“వాళ్ల బళ్లో ఇంటి భాష మాట్లాడితే మెడలో ఏదో తగిలించి తిప్పేవారట. మాకు చెంపదెబ్బే, నయం అన్నా. నవ్వాడు.” కాసేపాగి అన్నారు. “ఇద్దరం దెబ్బలు తినే నేర్చుకున్నాం. అయినా మాట్లాడుకోడానికి అదే పనికొచ్చింది చూడు.”

రాత్రి మజ్జిగన్నం తింటూ అడిగారు.

“రేపు కూడా ఆ అబ్బాయి కారే వచ్చేలా చెయ్యొచ్చా?”

“అలా కుదరదు తాతయ్యా. ఎవరు దగ్గరుంటే వాళ్లొస్తారు.”

“అదేం యాప్‌వే!” అన్నారు.