యూరియా బస్తాలోని ఉదజని



వరిచేనికి చల్లు యూరియాను ఎరుగనివారు మన పల్లెలలో లేరు. కాని 45 కిలోల బస్తా యొకటి తయారగుటకు సుమారు 4½ కిలోల ఉదజని యను వాయువు కావలెనని ఎరిగినవారు తక్కువ. ఆ వాయువును గాలిలోని నత్రజనితో కలిపి అమోనియాను, అమోనియాను బొగ్గుపులుసు వాయువుతో కలిపి యూరియాను చేయుదురు. ఆ ఉదజని ఎచ్చటినుండి వచ్చుచున్నది, దానికై చెల్లించు మూల్యమెట్టిది అను సంగతిని నేడు మీకు మనవి చేసెదను.

వాయువులన్నింటిలో ఉదజని మిక్కిలి తేలికయైనది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిప్పు తగిలినచో మండును. మండగా నీరు పుట్టును. 1766లో కేవెండిష్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని ప్రత్యేక వాయువుగా గుర్తించెను. ఇది విడిగా దొరకుట అరుదు. నీటిలోను, బొగ్గులోను, నూనెలలోను, చెట్టుచేమలలోను ఇతర పదార్థములతో ముడివడి యుండును. ఆ ముడిని విప్పుటకు శక్తిని వ్యయింపక తప్పదు.

ఇందుకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు. మొదటిది సహజవాయువు మార్గము. భూగర్భమునుండి తీయు ఈ వాయువులో ముఖ్యభాగము మీథేను; మన గోబరుగ్యాసులో మండునదియు అదియే. దీనిని నీటియావిరితో కలిపి, నికెలు చేర్చిన గుళికలు నింపిన గొట్టములగుండ 800 డిగ్రీలకు మించిన వేడిలో పంపుదురు. నికెలు తాను తరుగక మార్పును త్వరపెట్టును. మీథేనులోని ఉదజనియు, ఆవిరిలోని ఉదజనియు కూడ విడివడును. తుదకు బొగ్గుపులుసు వాయువు మిగులును. ఒక కిలో ఉదజనికి ఈ మార్పులోనే 5½ కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. కొలిమి మంటను గూడ లెక్కించినచో అది 9 లేక 10 కిలోలగును. భూమి వేడెక్కుటకు ఈ వాయువే ముఖ్యకారణము.

రెండవది బొగ్గు మార్గము. ఇది మరింత పాతది. కాలుచున్న బొగ్గుపై ఆవిరిని పంపినచో ఉదజని వెలువడును. 1913లో జర్మనీలోని ఓపావున ప్రారంభమైన అమోనియా కర్మాగారము ఇట్లే నడచినది. మన రామగుండమున 1980లో ఉత్పత్తి నారంభించిన ఎరువుల కర్మాగారము కూడ బొగ్గుతోనే నడచి, 1999లో మూతపడినది. అచ్చటనే 2021లో మొదలైన క్రొత్త కర్మాగారము గొట్టముల ద్వారా వచ్చు సహజవాయువుతో నడచుచున్నది.

మూడవది నీటి మార్గము. నీటిలో విద్యుత్తును ప్రవహింపజేసినచో ఒక కొసన ఉదజని, వేరొక కొసన ఆమ్లజని బుడగలుగా లేచును. పొగ లేదు, మసి లేదు. తొమ్మిది లీటర్ల నీటినుండి ఒక కిలో ఉదజని వచ్చును. కాని దానికి 50 యూనిట్లకు పైగా విద్యుత్తు కావలెను. మన యూరియా బస్తాకు 40 లీటర్ల నీరు, 225 యూనిట్లకు మించిన విద్యుత్తు అన్నమాట. పంజాబులోని నంగలున 1961లో వెలసిన ఎరువుల కర్మాగారము భాక్రా జలవిద్యుత్తుతో ఇట్లే ఉదజనిని తీసినది. కాలక్రమమున ఆ పద్ధతిని విడిచినది.

ఇచ్చట ఒక మెలకువ కలదు. బొగ్గును మండించి తీసిన విద్యుత్తుతో నీటిని విడదీసినచో, యూనిట్టుకు సుమారు ఒక కిలో చొప్పున 50 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఇది సహజవాయువు మార్గమున పుట్టుదానికి అయిదు రెట్లు! కావున ఎండ, గాలి, జలపాతము ఇచ్చు విద్యుత్తు అయినప్పుడే ఈ మార్గము నిర్మలము. అట్టి ఉదజనిని 2030 నాటికి ఏటేట 50 లక్షల టన్నులు తీయవలెనని భారత ప్రభుత్వము 2023లో సంకల్పించినది. అందును ఒక చిక్కు కలదు. యూరియాకు బొగ్గుపులుసు వాయువు కూడ కావలెను గదా! సహజవాయువు మార్గమున అది అచ్చటనే లభించును. నీటి మార్గమున దానిని వేరొకచోటినుండి తేవలెను.

ఇదంతయు మనకేల యందురా? మనదేశము వాడు సహజవాయువులో సుమారు సగము విదేశములనుండి వచ్చుచున్నది. బస్తాకు మనము చెల్లించునది దాని పూర్తి వెల కాదు; మిగిలినది ప్రజాధనమే. మోతాదు మించి చల్లిన యూరియాలో చాలభాగము గాలిలోనికిని, నీటిలోనికిని పోవును. దానితో అంత కష్టపడి తీసిన ఉదజని శ్రమయు వ్యర్థమగును.

జనుము, జీలుగ, పిల్లిపెసర వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు కొలిమి లేకయే, గొట్టము లేకయే గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చుచున్నవి. మన పెద్దలు పచ్చిరొట్టను దున్నించుట ఊరక కాదు. మట్టిని పరీక్ష చేయించి, పచ్చిరొట్ట వేసి, యూరియాను మితముగా వాడుడని మీ ఊరి యువకులకు చెప్పుడు. మీ మాటకున్న విలువ మరెవరి మాటకును లేదు. సెలవు.