అరికాలి క్రింది ముళ్ళబంతి

పీడనమును గూర్చిన పాఠము జరుగుచుండగా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, తన అమ్మమ్మ మడమనొప్పికై ఇంటికి తెచ్చిన ముళ్ళబంతిని పుస్తకముల సంచిలోనుండి తీసి బల్లమీద నుంచి, "నొప్పి పెట్టే కాలికి మెత్తనిది కదండీ కావాలి, దీనికి ముళ్ళెందుకు మాష్టారూ?" అని యడిగినది. ఆక్యుప్రెషర్ అను నొక్క మాటతో సమాధానము ముగింపవచ్చును; తిరునాళ్ళలో దుప్పటి పరచి ఈ బంతులను అమ్మువారు చెప్పునదియు నంతే. కాని అది అంత తేలికగా విడువదగిన ప్రశ్న కాదు. ఆ వస్తువుయొక్క ప్రాణమంతయు ముళ్ళలోనే యున్నది. ముళ్ళకు కారణము వెదకుచు పోయినచో గాజుకటకముల గణితము మొదలు వెన్నుపాములోని నాడుల వరకు నడువవలసి వచ్చును. ఆ దారి నాకు మిక్కిలి ప్రియమైనది.

ముందుగా బంతి దొరలు తీరును జూడుడు. కుర్చీలో కూర్చుండి, నేలకును అరికాలికిని నడుమ బంతి నుంచి, పాదమును 20 సెంటీమీటర్లు ముందునకు త్రోసినచో బంతి నేలపై సాగునది 10 సెంటీమీటర్లు మాత్రమే. ఏలయన నేలనంటిన బంతియడుగు ఆ క్షణమున నిశ్చలమై, దాని కేంద్రము కొంత వేగముతో కదలుచుండగా, పాదమునంటిన శిఖరము దానికి రెట్టింపు వేగముతో సాగును. మిగిలిన 10 సెంటీమీటర్లును బంతి అరికాలివెంబడి వెనుకకు నడిచిన దూరము. జారకుండ దొరలు బంతి చర్మమును ఒరయదు. పాదమునుండి చూచినచో ఒక్కొక్క ముల్లును, గణితజ్ఞులు చక్రాభమని పిలుచు వక్రరేఖపై వచ్చి, తనకు లభించిన తావున నిటారుగా నొత్తి, మరల నిటారుగానే వైదొలగును. తరువాతి ముల్లు తరువాతి తావున నొత్తును. చేతితో రుద్దునపుడు నూనె కావలయును, లేనిచో చర్మము మండును; దొరలు బంతికి నూనెతో పనిలేదు. ఒత్తుట, విడుచుట, మరల మరియొక చోట ఒత్తుట, విడుచుట, ఇదియే దాని పని యంతయు. ఈ ఒత్తి విడుచుటయే యెంత గొప్ప విషయమో కొంచెము సేపటిలో తెలియగలదు.

ఇక ఒత్తిడి సంగతి. ఒకే బలము స్వల్ప వైశాల్యముపై పడినచో పీడనము హెచ్చునని బాలురందరును ఎరుగుదురు. కాలితో 5 కిలోల బరువు మోపితిమనుకొందము. నున్నని బంతి 7 చదరపు సెంటీమీటర్ల మేర అరికాలి నంటినచో చదరపు సెంటీమీటరునకు 0.7 కిలోల ఒత్తిడియే కలుగును; అదే బరువును ఐదారు ముళ్ళమొనలు, అన్నియు గలిసి 1 చదరపు సెంటీమీటరు మేర మాత్రమే అంటి మోసినచో, అది 5 కిలోలగును. పాఠ్యపుస్తక మింతటితో నాగును. పైనుండి వచ్చిన ఒత్తిడి లోపల ఎంత లోతున, ఏ విధముగా పనిచేయునన్న ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు హైన్‌రిహ్ హెర్ట్జ్. రేడియో తరంగములను పుట్టించి లోకమునకు చూపుటకు ఏడెనిమిదేండ్లు ముందు, బెర్లినులో హెల్మ్‌హోల్ట్జ్ వద్ద సహాయకుడుగా నున్న 23 ఏండ్ల ప్రాయమున, ఒకదానిపై నొకటి యుంచిన గాజుకటకముల నడుమ కానవచ్చు న్యూటన్ వలయములు ఆ కటకములను నొక్కినపుడు ఎట్లు మారునోయని ఆలోచించుచు, 1880 క్రిస్మస్ సెలవులలో, రెండు వక్రతలములు ఒకదానినొకటి ఒత్తినపుడు వాని లోపల జరుగు సమస్తమును ఆయన లెక్కగట్టెను.

ఆ లెక్కలో నన్ను విభ్రాంతుని జేసిన దొకటి గలదు. గోళము ఒత్తినచోట ఏర్పడు వృత్తమున పీడనము నడుమ అధికమై, సగటుకు ఒకటిన్నర రెట్లుండి, అంచునకు పోవుకొలది సన్నగిల్లును, ఇది ఊహింపదగినదే. కాని పొరను పొరమీద జరుప జూచు ప్రతిబలము మాత్రము ఉపరితలమున గాక, ఆ వృత్తపు వ్యాసార్ధములో సుమారు సగము లోతున గరిష్ఠమగును! అనగా బంతి తాకునది చర్మమును, అది కదిలించునది లోని పొరలను. బంతి మొత్తము అరికాలిపై ఒకటిన్నర సెంటీమీటర్ల వ్యాసార్ధముగల వృత్తమును ముద్రించినచో దాని బలము సుమారు 7 మిల్లీమీటర్ల లోతున, చర్మమును దాటి, మృదుకణజాలములో దిగును. 2 మిల్లీమీటర్ల వ్యాసార్ధముగల ముల్లుమొన బలమో 1 మిల్లీమీటరు లోతుననే, చర్మములోనే, తన పని ముగించును. హెర్ట్జ్ సూత్రము ఏకరీతి పదార్థమునకు చెప్పబడినది, పాదమో చర్మము, క్రొవ్వు, పట్టీ, కండ అను పొరల సముదాయము. కావున ఇది ఉజ్జాయింపు లెక్క. అయినను ఈ ఉజ్జాయింపే ఆ బాలిక ప్రశ్నకు సగము సమాధానము. ముళ్ళబంతి ఒక్క సాధనము కాదు. ఒకే కదలికలో రెండు వేర్వేరు లోతులను పలుకరించు రెండు సాధనముల కూర్పు.

ఆ రెండు లోతులయందును ఎవరు వసించుచున్నారు? చర్మపు పైపొరకు దిగువనే, స్పర్శను గ్రహించు మైస్నర్ కణికలు, వానికంటె మిక్కిలి లోతున పాచీనీ కణికలు. మొదటివానిని 1852లో గొట్టింగెన్ నగరమున రుడోల్ఫ్ వాగ్నర్ అను ఆచార్యుడును, ఇరువది రెండు మూడేండ్ల ఆయన శిష్యుడు గియోర్గ్ మైస్నరును లోకమునకు తెలియజేసిరి. మొదట కన్నది గురువా శిష్యుడా యన్న వివాదము వెంటనే చెలరేగెను. నేడు పాఠ్యగ్రంథములలో నిలిచినది శిష్యుని పేరు. రెండవవాని కథ ఇంకను మనోహరము. ఇటలీలో పిస్తోయియా పట్టణమున ఫిలిప్పో పాచీనీ యను 19 ఏండ్ల విద్యార్థి 1831లో శవచ్ఛేదన గదిలో ఒక హస్తమును విప్పుచు, నాడుల కొసలను అంటుకొని వ్రేలాడు చిన్నచిన్న గింజలను జూచి, ఇతరులు క్రొవ్వుబిందువులని త్రోసివేయదగినవానిని విడువక పట్టుకొని పరిశోధించెను. తొంబదేండ్లకు పూర్వమే, 1741లో, విట్టెన్‌బెర్గ్‌లో వాటర్ అను శారీరశాస్త్రజ్ఞుడు వానిని జూచియుండెను గాని ఆ సంగతి మరుగుపడిపోయెను. 1844లో హెన్లే, కోలికర్ అను పండితులు పాచీనీ పేరునే వానికి స్థిరపరచిరి. కలరా క్రిమిని సైతము కోఖ్ కలకత్తాలో గుర్తించుటకు ముప్పదేండ్లు ముందు, 1854లో, సూక్ష్మదర్శినిలో జూచి వ్రాసియుంచినవాడు ఈ పాచీనీయే. చూచుటలో ఇంతటి ఓపికగల మనుష్యుని దలచినప్పుడెల్ల నాకు గౌరవము పొంగును.

ఆయన చూచిన గింజ ఒక అద్భుత యంత్రము. నడుమ ఒకేయొక నాడితంతువు కొస; దానిచుట్టును, ఉల్లిగడ్డయందువలె, పలుచని పొరలు డజన్లకొలది; పొరకును పొరకును నడుమ ద్రవము. హఠాత్తుగా పైనుండి ఒత్తినచో ఆ ఒత్తిడి పొరలద్వారా నడిమి తంతువునకు చేరి అక్కడ విద్యుత్ స్పందనను పుట్టించును. కాని ఒత్తి యట్లే యుంచినచో పొరలు ఒకదానిపై నొకటి జారి సర్దుకొని, బరువును తమలో పంచుకొని, నడిమి తంతువును విశ్రాంతిలోనికి పంపివేయును. నాడి మౌనము వహించును. ఒత్తిడిని తీసివేసిన క్షణమున అది మరల నొకసారి పలుకును. మనము తొడిగిన చెప్పుయొక్క స్పర్శ నిమిషములో మరచిపోవుటకు గల కారణములలో ఇది యొకటి. ఈ మరపు నాడిదా, పొరలదా యని తేల్చుటకు 1965లో లోవెన్‌స్టయిన్, మెండెల్‌సన్ అను వారు అతి సూక్ష్మహస్తములతో ఆ పొరలను ఒలిచివేసి ఒత్తి చూచిరి. అప్పుడు నాడికొసలోని స్పందన వెంటనే ఆగిపోక, ఒత్తిడితోపాటు చిరకాలము నిలిచెను. అనగా మార్పును మాత్రమే లోనికి రానిచ్చి నిశ్చలతను వడకట్టివేయునది ముఖ్యముగా ఆ పొరల నిర్మాణమే. యాంత్రికమైన జల్లెడ.

ఇప్పుడు బంతివద్దకు మరలి రండు. కదలని బంతిపై ఎంతసేపు పాదము మోపియుంచినను ఈ కణికలు క్షణములో మూగవోవును. నున్నని బంతి దొరలినను ఒత్తిడి మెల్లగా పెరిగి మెల్లగా తరుగును గనుక వానికి చేరు వార్త మందమైనది. ముళ్ళబంతి దొరలినపుడో ప్రతి ముల్లు దిగుటయు నొక వార్త, లేచుటయు నొక వార్త. ముళ్ళ నడుమ దూరము 8 మిల్లీమీటర్లై, బంతి అరికాలివెంబడి సెకనునకు 8 సెంటీమీటర్లు సాగినచో, సెకనునకు 10 ముళ్ళు దిగును, 10 లేచును. మైస్నర్ కణికలు చక్కగా పలుకునది ఇట్టి మంద్రమైన స్పందనములకే, సెకనునకు సుమారు 10 మొదలు 50 వరకు. పాచీనీ కణికలకు 200, 300 పైచిలుకు ప్రకంపనములు ప్రియమైనను, తటాలున దిగు ముల్లు తాకిడికి అవియు పలుకును. ఆ బాలిక ప్రశ్నకు రెండవ సగము సమాధానమిది.

ఈ సందడికిని నొప్పి తగ్గుటకును గల సంబంధమును సూచించినది రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అను ఇరువురు 1965లోనే ప్రకటించిన ద్వార సిద్ధాంతము. అంతకు పూర్వము నొప్పికి ప్రత్యేకమైన నాడులు గలవు, అవి మ్రోగిన నొప్పి, లేకున్న లేదని ఒక పక్షమువారును, ప్రత్యేక నాడులు లేవు, స్పందనల అల్లికయే నొప్పియని వేరొక పక్షమువారును దశాబ్దముల తరబడి వాదులాడుచుండిరి. వీరిరువురు చెప్పినది వేరు. స్పర్శవార్తను దెచ్చు లావుపాటి తంతువులు సెకనునకు 50 మీటర్ల ప్రాంతపు వేగముతో వెన్నుపామును చేరును; మందమైన నొప్పిని దెచ్చు సన్నని తంతువుల వేగము ఒకటి రెండు మీటర్లకు మించదు. ఈ రెండు ప్రవాహములును వెన్నుపాము వెనుకకొమ్మునందు కలియుచోట, లావుపాటి తంతువుల సందడి హెచ్చినపుడు సన్నని తంతువుల వార్తకు మార్గము సంకుచితమగును. దెబ్బ తగిలినచోట మనము చేతితో రుద్దుకొనుట ఇందుకే. వారు గీచిన నాడుల పటములో పిమ్మట కొన్ని సవరణలు జరిగినవి గాని, స్పర్శ నొప్పిని అణచునన్న మూలభావము నిలిచినది. 1967లో వాల్, స్వీట్ అను వారు చర్మముపై స్వల్ప విద్యుత్తుతో లావు తంతువులను మేల్కొలిపి రోగుల నొప్పిని తాత్కాలికముగా మాన్పి చూపిరి. ముళ్ళబంతి విద్యుత్తులేకయే ఆ తంతువులను మేల్కొలుపుచున్నది.

దీనివలన ఒక ప్రచారము పొసగదని స్పష్టమగును. బిగిసిన పట్టీని ఈ బంతి సాగదీయుననియు, లోపలి ముడులను చితుకగొట్టుననియు అమ్మువారు చెప్పుదురు. మడమయెముకనుండి వ్రేళ్ళ మొదళ్ళవరకు అరికాలిలో పరచుకొన్న ప్లాంటార్ ఫేషియా యను పట్టీ సామాన్యమైనది కాదు; చౌధరి మొదలగువారు 2008లో గణితనమూనాతో లెక్కించి, దానిని నూటికి ఒక్క పాలైనను నొక్కుటకు మనుష్యశక్తికి మించిన బలము కావలయునని తేల్చిరి. మడమనొప్పి రోగులనుండి తీసిన పట్టీ తునకలను 2003లో లెమాంట్ బృందము పరీక్షించగా వాపు లక్షణములకు బదులు తంతువుల శిథిలత కానవచ్చెను. కావున బంతిపై నిలువుగా లేచి కసిగా త్రొక్కుట వ్యర్థము. నాడులకు వార్త చేరినచో చాలును; దానికి కూర్చుండి మోపిన కాలిబరువు సమృద్ధి.

ఇక ఈ బంతి వంశచరిత్ర కొంచెము చెప్పెదను. అభ్యంగమును తలకు, చెవులకు, పాదములకు విశేషముగా చేయవలెనని వాగ్భటుడు విధించెను. పాదమును ఎగుడుదిగుడుగా మోపుటవలన మడమప్రాంతమున కలుగు నొప్పిని సుశ్రుతుడు వాతకంటకమని పేర్కొనెను. 1865లో స్టాక్‌హోమునందు గుస్తావ్ జాండర్ మర్దనకు పెద్దపెద్ద యంత్రములను నెలకొల్పెను. కండలలోని నొప్పిబిందువులను జీవితమంతయు పరిశోధించి, 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి వైద్యురాలైన జానెట్ ట్రావెల్ టెన్నిస్ బంతిపై పరుండి నొత్తుకొమ్మని రోగులకు నేర్పెను. వాల్డో సెమన్ 1926లో మెత్తబరచిన వినైల్ ప్లాస్టిక్, ముళ్ళతోసహా బంతిని ఒకే అచ్చులో పోయుటకు వీలుగలిగించెను. జర్మనులు దానికి ముళ్ళపంది బంతియని పేరిడిరి. 2015లో గ్రీవ్ బృందము ఆరోగ్యవంతులచే అరికాళ్ళక్రింద టెన్నిస్ బంతిని దొరలింపజేసి, వారు కూర్చుండి ముందునకు వంగగల దూరము హెచ్చినట్లు గమనించిరి. చిన్న పరిశోధనయే గాని, అరికాలి ప్రభావము నడుమువరకు పోవుట నాకు ముచ్చట గొల్పినది.

బంతి ఉపశమనమునకు, బలమునకు వేరు మార్గము గలదు. 1954లో హిక్స్ అను బ్రిటిష్ పరిశోధకుడు చూపినట్లు, కాలివ్రేళ్ళను పైకి వంచినపుడు ఆ పట్టీ వ్రేలికీళ్ళచుట్టు చుట్టుకొని బిగిసి పాదపు వంపును పైకి లేపును. 2003లో డిజొవాని మొదలగువారు, ఉదయము మంచము దిగకమునుపే చేతితో వ్రేళ్ళను వెనుకకు లాగి ఆ పట్టీనే బిగించు అభ్యాసము, పిక్కను సాగదీయు అభ్యాసముకంటె మేలని నిరూపించిరి. బంతితో దొరలించుట దానికి ముందుగానో వెనుకగానో చేయవచ్చును, బదులుగా కాదు.

చిరకాలముగా మధుమేహముగలవారి విషయమున మాత్రము నేను నిర్మొగమాటముగా హెచ్చరింపవలసి యున్నది. బంతి ఆశ్రయించిన తంతువులే వారి పాదములలో క్షీణించియుండవచ్చును. అట్టి పాదమున ముల్లు చర్మమును గాయపరచినను తెలియదు, గాయము పుండైనను నొప్పి రాకపోవచ్చును. ఇది తెలిసికొనుటకు వైద్యులవద్ద 10 గ్రాముల ఒత్తిడికి వంగు సన్నని నైలాను తీగ యొకటి యుండును. కన్నులు మూసికొన్న రోగి అరికాలిపై దానిని వంగువరకు ఒత్తి, తెలియుచున్నదా యని అడుగుదురు. తెలియలేదన్న పాదముక్రింద ఈ బంతి నుంచరాదు.