నిండైన బట్ట, నచ్చిన రంగు

ఈద్ దగ్గర పడినా, ఇంట్లో పెళ్ళి నిశ్చయమైనా మన ఆడవారికి ఒకటే బెంగ. బజారులో అందంగా ఉన్నది ఒంటికి నిండుగా ఉండదు. నిండుగా ఉన్నది కంటికి ఇంపుగా ఉండదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారు పది దుకాణాలు తిరిగి ఈ బెంగ తీర్చుకుంటారు. మరి గుమ్మలక్ష్మీపురం వంటి కొండ ఊళ్ళో ఉన్న కుటుంబం సంగతేమిటి?

2011 జనాభా లెక్కల ప్రకారం నాటి విజయనగరం జిల్లాలో ముస్లిములు నూటికి ఒక్కరు కూడా లేరు. గుమ్మలక్ష్మీపురం మండలం అప్పుడు ఆ జిల్లాలోదే. 2022లో కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. చుట్టూ సవర, జాతాపు గ్రామాలు, జీడితోటలు, అవతల ఒడిశా సరిహద్దు. ఇలాంటి చోట సంతకు వచ్చే బట్టల వ్యాపారి ఎక్కువమంది కొనేదే తెస్తాడు. చీరలు, లంగాలు, నైటీలు, పొట్టి చేతుల చుడీదార్లు. అందులో అతని తప్పేమీ లేదు.

మా మేనకోడలు ఈ కొండల్లోనే ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేరినప్పుడు ఈ ఇబ్బంది మాకు బాగా తెలిసివచ్చింది. అప్పటికి ఆమెకు ఉన్నది ఒకటే నల్ల బురఖా. బంధువులు పట్నం నుంచి పంపినది, మెరిసే పాలిస్టరు గుడ్డ. బస్సు దిగి ఎర్రమట్టి దారిలో ఎగువకు నడవాలి. ఆ గుడ్డలో చెమట బయటికి పోదు, గాలి లోపలికి రాదు. అంచు నేలను ఊడ్చేది. వానాకాలంలో బురద మోకాలిదాకా ఎక్కేది. ఒకనాడు అన్న బండి వెనుక కూర్చుని వస్తుంటే కొంగు చక్రంలో పడబోయింది. అల్లాహ్ దయవల్ల బండి నెమ్మదిగా పోతోంది కాబట్టి సరిపోయింది. నెల తిరగకుండానే "ఫుప్పీ, ఈ ఉద్యోగం నావల్ల కాదు" అని కూర్చుంది.

ఇంట్లో రెండు మాటలు వినిపించాయి. ఉద్యోగం మానెయ్యమన్నవారు కొందరు. బడికి వెళ్ళేటప్పుడు బురఖా తీసేస్తే ఎవరు చూడొచ్చారన్నవారు కొందరు. 2022లో కర్ణాటక విద్యార్థినుల హిజాబ్ వ్యవహారం హైకోర్టుకు, ఆపైన సుప్రీంకోర్టుకు ఎక్కిన వార్తలు చదివిన వాళ్ళ అమ్మకు మరో భయం, బడిలో ఎవరైనా ఏమైనా అంటారేమోనని. నిజానికి బడిలో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అమ్మాయిని ఆపింది గుడ్డ ఒక్కటే. గుడ్డ మారుద్దాం అన్న ఆలోచన మాలో ఒక్కరికీ చాలా రోజులు తట్టకపోవడం ఇప్పటికీ మాకు విచిత్రంగానే ఉంది.

దివ్య ఖుర్ఆన్ మననుంచి ఏమి కోరుతోందో చూద్దాం. నూర్ సూరా 30వ ఆయత్ ముందుగా పురుషులనే చూపులు దించుకోమంటుంది. (మన ఇళ్ళలో ఆడపిల్లల బట్టల గురించి జరిగే పంచాయితీల్లో ఈ ఆయత్ ఎవరికీ గుర్తు రాదు.) 31వ ఆయత్‌లో స్త్రీల వంతు వస్తుంది. తలమీది ఓణీని ఎదమీదికి కప్పుకోవాలన్న ఆదేశం అక్కడిదే. అహ్‌జాబ్ సూరా 59వ ఆయత్ పైవస్త్రం కప్పుకోమంటుంది. ముఖం విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి, ఆ చర్చ వేరు. కాని రంగు నలుపే కావాలని ఈ ఆయతుల్లో ఎక్కడా లేదు. ఆరాఫ్ సూరా 26వ ఆయత్ అయితే దుస్తులు మానాన్ని కప్పుతాయనీ, అలంకారం కూడా అవుతాయనీ తెలిపి, ఆ వెంటనే దైవభీతి అనే దుస్తులు వాటికన్నా మేలైనవని గుర్తు చేస్తుంది.

అలాగని అలంకారాన్ని పరాయివారి ముందు ప్రదర్శించమని కాదు. అందుకే రాళ్ళు అతికించి, జరీ పట్టీలు కుట్టి, నడుము దగ్గర బిగించి అమ్ముతున్న ఫ్యాన్సీ బురఖాలు మాకు నచ్చవు. దాచవలసిన బట్టే దండోరా వేస్తే ఎలా?

నిండుదనానికీ అందానికీ మన నేలమీద ఏనాడూ పగ లేదు. బందరు కలంకారీలోని తీగలూ పూలూ పర్షియా కొనుగోలుదారుల అభిరుచితో పెరిగినవే. చీరాల, పుట్టపాక నేతగాళ్ళు నూలును నూనెలో, బూడిద నీటిలో పదేపదే నానబెట్టి నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు వెళ్ళి అక్కడివారి తలగుడ్డలయ్యాయి. నిజాం ఇంటి స్త్రీలు వాటినే దుపట్టాలుగా వేసుకున్నారు. హైదరాబాదు ఖడా దుపట్టాకు ఆరు గజాల గుడ్డ కావాలి. అది పెళ్ళిపందిరికి ఎంత శోభో వేరే చెప్పాలా? కొండదారికి మాత్రం పనికిరాదు.

మా వెతుకులాట చివరకు పక్కనున్న శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆగింది. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి శుభ్రం చేసి, చేత్తో వడికి నేసే ఖాదీ అక్కడిది. గాంధీజీ మెచ్చుకున్నది. నూరు కౌంటు సన్నఖాదీని చూసి మా అమ్మాయి మనసు పడింది కాని, చేతిలో పట్టుకుని వెలుతురుకు ఎదురుగా పెడితే వేళ్ళు లెక్కపెట్టవచ్చు. ఒంటి ఛాయ కనబడే గుడ్డ ఎంత అందమైనదైనా మన అక్కరకు రాదు. అస్తరు వేస్తే మళ్ళీ ఉక్కపోత. ధర సంగతి సరేసరి. కనుక కాస్త మోటు ఖాదీ, చింతపండు రంగుది తీసుకున్నాం. ఎర్రమట్టి పడినా తెలియని రంగు అది. పన్నా తక్కువ కాబట్టి నాలుగున్నర మీటర్లు పట్టింది.

కుట్టించడంలో మేము నేర్చుకున్నవి సోదరీమణులకు పనికొస్తాయని రాస్తున్నాం. ఖాదీని ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరెయ్యాలి. లేకపోతే కుట్టాక కుదించుకుపోయి మొదటి ఉతుకుకే కోటు పొట్టిదవుతుంది. కొలతలు ఇవ్వడానికి మొహమాటపడేవారు ఒంటికి వదులుగా కుదిరిన పాత కుర్తా ఒకటి ఆదిగా ఇస్తే చాలు. మాకు కుట్టినది మా వీధిలోనే మిషను పెట్టుకున్న ఒక సోదరి, ముస్లిం కాదు. బురఖా కోటు అంతకుముందెన్నడూ కుట్టలేదు. అందుకే కాబోలు చెప్పిందల్లా విన్నది. పక్కల చీలికలు పెట్టకుండా కలీలు వేయించాం. మెట్టు ఎక్కినా కాలు పట్టదు, గాలికి ఎగరదు. అంచు చీలమండ దగ్గరే ఆగింది. చేతుల చివర గుండీ, పక్కన లోతైన జేబు. తలకు మల్‌మల్ గుడ్డ తీసుకున్నాం. పాలిస్టరు చున్నీలా జారదు, నాలుగు పిన్నుల చోట ఒక్కటి సరిపోతుంది. బండి ఎక్కేటప్పుడు దాని కొసలు కోటు లోపలికి దోపుకోవాలి. ఇది మాత్రం మరవకూడదు.

అన్నీ కలిపి లెక్క వేస్తే రెండు పాలిస్టరు బురఖాల ఖరీదయింది. మా ఇంటి మగవారు గొణిగారు. ఈద్‌కు తాము కుట్టించుకునే లాల్చీల లెక్క చూపించాక ఊరుకున్నారు.

అంచుకు కాస్త కుట్టుపని ఉంటే బాగుండునని మా అమ్మాయి కోరిక. సరిహద్దుకు అవతల రాయగడ జిల్లా నియమగిరి కొండల్లో డోంగ్రియా కోంధ్ స్త్రీలు కప్డాగండా అనే శాలువా కుడతారు. తెల్లని ముతక గుడ్డమీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలు, త్రికోణాలు. దానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రేమకు గుర్తుగా అయినవారికి ఇచ్చుకునే శాలువా అది. ఆ నమూనా చూసి మిషను మీద కుట్టించమంది. మేము వద్దన్నాం. వారి చేతిపనికి వారికి డబ్బు ముట్టాలి. చలికాలంలో కోటు మీద కప్పుకోవడానికి అసలు శాలువాయే కొందామని డబ్బు విడిగా దాస్తున్నాం.

అమ్మాయి ఉద్యోగం మానలేదు. మొదటి రోజు కోటు వేసుకుని వెళితే బడిలో వంట చేసే సవర ఆమె చెయ్యి పట్టుకుని గుడ్డ తడిమి చూసి, "పంతులమ్మా, ఎక్కడ కొన్నావు?" అని అడిగిందట. ఆది కుర్తా ఇంకా ఆ మిషను సోదరి దగ్గరే ఉంది. వచ్చే ఈద్‌కు వాళ్ళ అమ్మకు ఒకటి కావాలి. రంగు గురించే ఇంకా తెగలేదు. ఆమె నలుపే కావాలంటోంది.