వేరుశనగ పట్టి ఫెళ్లున విరుగుటేల?

బెల్లమును కొద్దిపాటి నీటితో పొయ్యిపై మరిగించినపుడు, నీరు ఆవిరియై పోవుకొలదియు పాకము చిక్కబడి, దాని వేడిమి 100 డిగ్రీలను దాటి క్రమముగా 150 డిగ్రీల సెల్సియస్ సమీపమునకు చేరును. తీగపాకము, ఉండపాకము గడచిన పిమ్మట, చన్నీటి గిన్నెలో వేసిన బొట్టు వ్రేళ్ల నడుమ సాగక ఫెళ్లున విరిగినచో అదియే ముదురుపాకము. అందు నీరు మిక్కిలి స్వల్పము గనుక, త్వరగా చల్లారునపుడు చక్కెర అణువులు స్ఫటికములుగా బారులు తీరుటకు వ్యవధి చాలక, గాజువలె గట్టిపడును. అట్లు గట్టిపడకమునుపే, పాకమున వేయించి పొట్టు తీసిన పప్పులను, చిటికెడు ఉప్పును, కారమును కలిపి నేయి రాసిన పళ్లెమున పరవవలెను. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టు నాడులనే తట్టిలేపుటచే నోరు మండును. వానకాలమున పట్టి తేమను పీల్చి జిగటయగును. మూత బిగుతైన డబ్బాలో దాచుడు. మరుగు పాకము చర్మమునకంటి తీవ్రముగా కాల్చును; పెద్దల తోడు లేక పొయ్యి వెలిగింపకుడు.