సింహాల దారిలో ఒక నగరం

కెన్యాకు మృగదర్శనార్థం వెళ్ళే యాత్రికులలో పెక్కుమందికి రాజధాని నైరోబీ ఒక రాత్రి మజిలీ మాత్రమే. తెల్లవారగానే వారు మసాయి మారా మైదానాలకు తరలిపోతారు. కాని ఆ దేశపు మనుషుల కథ తెలిసికొనగోరేవారు ఈ నగరంలో రెండు దినాలైనా ఆగవలసి ఉన్నది.

సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉండడంచేత, భూమధ్యరేఖకు చేరువైనా ఇక్కడి గాలి చల్లనిది. నైరోబీ అనే పేరు కూడ చల్లని నీరు అని అర్థమిచ్చే మసాయి మాట నుండి వచ్చినదే. 1899లో మొంబాసా రేవు నుండి రైలుమార్గం ఇచటికి చేరేనాటికి ఇది చిత్తడి నేల. రైలువారు వేసుకొన్న విడిదియే క్రమంగా నగరమైనది.

ఆ పట్టాలు వేసినది ముఖ్యంగా భారతదేశపు కూలీలు. ముప్పదివేలకు పైగా వెళ్ళిన వారిలో సుమారు 2,500 మంది తిరిగి రాలేదు. అచటనే ప్రాణాలు విడిచారు. 1898లో సావో నదివద్ద రెండు సింహాలు కూలీలను చంపిన కథ లోకప్రసిద్ధం. కాని రోగాలకు బలియైనవారు అంతకంటె అనేకులు. 1900లో ఒక పోలీసు అధికారిని సింహం ఈడ్చుకొనిపోయిన రైలుపెట్టె నైరోబీ రైల్వే ప్రదర్శనశాలలో నేటికీ ఉన్నది. దానిని చూచేవారు ఆ కూలీలను కూడ తలచుకొనుట న్యాయం.

పంజాబులో పుట్టి, పిన్నవయస్సులోనే నైరోబీ చేరిన మఖన్ సింగ్ కార్మికోద్యమ నాయకుడైనాడు. 1950లో నగరంలోని కలోలేని సభాభవనంలో తూర్పు ఆఫ్రికాకు సంపూర్ణ స్వాతంత్ర్యం కావలెనని ఎలుగెత్తినాడు. దాని ఫలితం పదకొండేండ్ల నిర్బంధం. 1963 డిసెంబరు 12న కెన్యా స్వతంత్రమైనది.

స్వాహిలీ భాషలో స్వాతంత్ర్యానికి ‘ఉహూరు’ అని పేరు. నగరమధ్యంలోని ఉహూరు ఉద్యానంలో 1989లో అరువది అంతస్తుల భవనం కట్టబూనినప్పుడు, వంగారీ మాథాయి అనే విదుషి ఎదిరించి నిలిచినది. అవహేళనలు సహించినది. చివరకు భవనం ఆగినది; ఉద్యానం మిగిలినది. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమానం లభించినది.

సింహాలను చూడవలెనన్నా నైరోబీ నిరాశపరచదు. 1946లో ఏర్పడిన జాతీయవనం నగరాన్ని ఆనుకొనియే ఉన్నది. అచట నిలిచి చూస్తే గడ్డిమైదానం వెనుక మేడలు కనిపిస్తాయి. ఆ మేడల నడుమకూడ కొంతసేపు నడిచినవాడే కెన్యాను చూచినవాడు.