ల్యాప్‌టాప్ గేమ్ టీవీలో ఆడితే ఎందుకు లేట్ అవుతుంది?

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తే మా తమ్ముడు ల్యాప్‌టాప్ స్క్రీన్‌ని టీవీకి మిర్రర్ చేసి క్రికెట్ గేమ్ ఆడుతున్నాడు. బటన్ కరెక్ట్ టైమ్‌కే నొక్కుతున్నాడు, కానీ బ్యాట్ కదిలేసరికి వికెట్ పడిపోతోంది. "అన్నయ్యా, ల్యాప్‌టాప్ పాతదైపోయింది, కొత్తది కొనిపించు" అన్నాడు. నాన్న సరే అనేశారు కూడా. ఒక్క రోజు ఆగండి నాన్నా అన్నాను.

ఆ రోజు చేసిన టెస్ట్ మీరూ చేయొచ్చు. ల్యాప్‌టాప్‌లో ఒక స్టాప్‌వాచ్ ఓపెన్ చేసి టీవీకి మిర్రర్ చేయండి. రెండు స్క్రీన్లూ కలిపి ఫోన్‌తో ఫొటో తీయండి. మా ఫొటోలో ల్యాప్‌టాప్ మీద 12.48 సెకన్లు ఉంటే, టీవీ మీద 12.26 ఉంది. అంటే 220 మిల్లీసెకన్లు లేట్. సెకనుకు 60 ఫ్రేమ్‌ల గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్ దాదాపు 17 మిల్లీసెకన్లు. సో, వాడు చూసేది 13 ఫ్రేమ్‌ల కిందటి బొమ్మ! ల్యాప్‌టాప్ స్క్రీన్‌లో మాత్రం గేమ్ స్మూత్‌గానే ఉంది. ల్యాప్‌టాప్ తప్పేం లేదు.

మరి లేట్ ఎక్కడ? వాడు వాడింది మిరాకాస్ట్, అంటే విండోస్ బటన్, కె కలిపి నొక్కితే వచ్చే వైర్‌లెస్ ఆప్షన్. ఇందులో ల్యాప్‌టాప్ ప్రతి ఫ్రేమ్‌నీ కంప్రెస్ చేసి వైఫైలో పంపాలి, టీవీ దాన్ని మళ్ళీ విప్పి చూపించాలి. మధ్యలో ఆగకుండా ఉండడానికి కొంచెం బఫర్ కూడా ఉంటుంది. సినిమాకి పర్లేదు, బొమ్మా సౌండూ కలిసే లేట్ అవుతాయి. గేమ్‌లో అలా కాదు కదా, మన వేలు ముందుంటుంది, బొమ్మ వెనకుంటుంది.

అందుకే ఫస్ట్, ఒక మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టండి. కంప్రెషన్, వైఫై రెండూ తప్పిపోతాయి. మాకు లేట్ సగానికి పైగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. ఎందుకంటే టీవీ కూడా బొమ్మని అందంగా చేయడానికి మోషన్ స్మూతింగ్ లాంటివి చేస్తుంది, దానికీ టైమ్ పడుతుంది. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. చాలా మంది మర్చిపోయేది ఇదే. ఆన్ చేశాక మా ఫొటోలో తేడా దాదాపు కనిపించలేదు.

తర్వాత విండోస్ బటన్, పి నొక్కి "సెకండ్ స్క్రీన్ ఓన్లీ" పెట్టండి. డూప్లికేట్‌లో ఉంటే రెండు స్క్రీన్లకీ కుదిరే రిజల్యూషన్‌కి దిగాల్సి రావచ్చు. ఇంకోటి, పాత ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 ఉంటే 4కె రిజల్యూషన్‌లో 30 హెర్ట్జే వస్తుంది. అప్పుడు 1080పి పెట్టుకుని 60 హెర్ట్జ్‌లో ఆడడమే బెటర్.

కేబుల్ అందనంత దూరమా? అప్పుడు ఆండ్రాయిడ్ టీవీలో స్టీమ్ లింక్ యాప్ ట్రై చేయండి. అది గేమ్ స్ట్రీమింగ్ కోసమే చేసింది. ల్యాప్‌టాప్‌నైనా రౌటర్‌కి లాన్ కేబుల్‌తో కలపండి, టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైలో పెట్టండి.

మొత్తానికి కొత్త ల్యాప్‌టాప్ ఖర్చు 300 రూపాయల కేబుల్‌తో తప్పింది. తమ్ముడు ఇప్పటికీ అవుటవుతున్నాడు, కానీ ఇప్పుడు చెప్పడానికి సాకు లేదు! మీరు కూడా కొత్తది కొనేముందు ఒక్క ఫొటో తీసి చూడండి. మీకెన్ని మిల్లీసెకన్లు వచ్చిందో కామెంట్‌లో చెప్పండి.