షోయబుల్లాఖాన్: నిజాం రాజ్యంలో ఉర్దూ పత్రికా ధిక్కారస్వరం

ఉపోద్ఘాతం:
హైదరాబాదు పత్రికారంగ చరిత్రలో షోయబుల్లాఖాన్ (1920–1948) పేరు ప్రధానంగా ఆయన హత్యతోనే ముడిపడి ఉంది. ఆయన మరణానికి లభించిన ప్రాచుర్యం ఆయన పాత్రికేయ కృషికి లభించలేదు. ఆయన ఏ భాషలో, ఎవరిని ఉద్దేశించి రాశారో పరిశీలిస్తేనే ఆ కలాన్ని రజాకార్లు సహించలేకపోవడానికి కారణం బోధపడుతుంది. దానిని వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

పత్రికారంగ ప్రవేశం:
షోయబుల్లాఖాన్ మహబూబాబాద్ ప్రాంతంలో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. మొదట ‘తేజ్’ పత్రికలోనూ, తరువాత మందుముల నరసింగరావు సంపాదకత్వంలోని ‘రయ్యత్’లోనూ పనిచేశారు. ప్రభుత్వ చర్యతో రయ్యత్ ఆగిపోయింది. అనంతరం బూర్గుల రామకృష్ణారావు వంటివారి తోడ్పాటుతో 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రికను స్థాపించారు. ఇమ్రోజ్ అంటే ‘నేడు’ అని అర్థం.

భాష – పాఠకులు:
ఆనాడు సంస్థానంలో ఉర్దూ పరిపాలనా భాష. ఉస్మానియాలో బోధనా భాష. 1926లో సురవరం ప్రతాపరెడ్డి స్థాపించిన ‘గోలకొండ’ పత్రిక తెలుగు పాఠకులను చైతన్యపరిచింది. గ్రామాలలో కమ్యూనిస్టుల నాయకత్వంలో సాయుధపోరాటం సాగుతుండగా, స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం నడిపింది. షోయబుల్లాఖాన్ కమ్యూనిస్టు కాదు; భారత యూనియన్‌లో విలీనాన్నీ, బాధ్యతాయుత ప్రభుత్వాన్నీ కోరిన జాతీయవాది. తక్కిన ఉద్యమాలను ముస్లిం వ్యతిరేక కుట్రలుగా చిత్రించడం రజాకార్లకు సులభమైంది. ముస్లిం సంపాదకుడు ఉర్దూలో, రాజధానిలోనే చేసిన విమర్శకు ఆ ముద్ర అతకలేదు. ముస్లింలందరి పక్షాన తామే మాట్లాడుతున్నామన్న రజాకార్ల వాదన పునాదినే ఇమ్రోజ్ ప్రశ్నించింది.

హత్య:
1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ల దౌర్జన్యాలను ఖండిస్తూ, భారత యూనియన్‌లో చేరాలని కోరుతూ ప్రకటన చేశారు. ఇమ్రోజ్ దానిని ప్రచురించింది. ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక కార్యాలయం నుంచి ఇంటికి వెళ్తున్న షోయబుల్లాఖాన్‌పై, నారాయణగూడకు సమీపంలోని కాచిగూడ లింగంపల్లి చౌరస్తా వద్ద దాడి జరిగింది. దుండగులు ఆయనపై కాల్పులు జరిపి, చేతిని నరికివేశారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ కూడా తీవ్రంగా గాయపడ్డారు. 22వ తేదీ తెల్లవారుజామున షోయబుల్లాఖాన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు.

ముగింపు:
నెల తిరగకుండానే, సెప్టెంబరు 17న నిజాం ప్రభుత్వం లొంగిపోయింది. పోలీసు చర్య అనంతరం అనేక ప్రాంతాలలో సాధారణ ముస్లింలు ప్రతీకారహింసకు గురైనట్లు సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. రజాకార్లు వేరు, ముస్లిం ప్రజలు వేరన్న భేదాన్ని షోయబుల్లాఖాన్ తన పత్రికతోనూ, ప్రాణంతోనూ నిరూపించారు. ఆ భేదాన్ని రజాకార్లు ఒప్పుకోలేదు. ప్రతీకారానికి దిగినవారూ పాటించలేదు. సంస్థాన చరిత్రను రెండు మతాల ఘర్షణగా కుదించే వ్యాఖ్యానాలకు ఇమ్రోజ్ నేటికీ ఎదురుసాక్ష్యంగా నిలుస్తుంది.